అంగట్ల తెచ్చిన కోడిపిల్లలు సచ్చిపోయినయ్, మల్ల పెంచాల్నా వద్దా?

మిర్యాలగూడ నుంచి ఒక తమ్ముడు అడిగిండు. కొత్తగ ఇల్లు కట్టుకున్నరట, ఎనక దొడ్డిల జర జాగ ఉందట, ఎనిమిదేండ్ల బిడ్డ కోళ్ళు కావాలె అంటే పోయిన నెల అంగట్ల ఆరు రంగు పిల్లలు తెచ్చిండట, వారం తిరగకముందే ఐదు సచ్చినయట. బిడ్డ అన్నం తినకుండ ఏడిసిందట. "మల్ల తేవాల్నా, మాకు కోళ్ళు అచ్చిరావు అనుకొని ఊకోవాల్నా" అని ఆయన ప్రశ్న.

తమ్మీ, నాకు 50 దాటినయ్ కాబట్టి నువ్వు అంటున్న, ఏమనుకోకు.

మల్ల తెచ్చుకో. కని పిల్లలు తేకు, మూడు నెలలు నిండిన పెట్టలు నాలుగు తెచ్చుకో. అవి రాకముందే గూడు కట్టు. చానామంది ముందు కోళ్ళు తెస్తరు, గూడు సంగతి రేపు ఎల్లుండి చూద్దాం అంటరు, ఆ రేపు ఎల్లుండిలనే పిల్లి వస్తది.

ఇంక ఆ ఐదు పిల్లలు సచ్చుడు నీ తప్పు కాదు, ఇది మీ బిడ్డకు కూడ చెప్పు. గులాబి రంగు, పచ్చ రంగు, నీలం రంగు అద్ది గంపలల్ల అమ్మే పిల్లలు చానామట్టుకు గుడ్ల కోళ్ళ హ్యాచరీలల్ల మిగిలిన పుంజుపిల్లలు. గుడ్లు పెట్టేవి పెట్టలు కాబట్టి వాటిని ఫారాలకు పంపి, పుంజులను అగ్గువకు ఇడిసిపెడ్తరు. పుట్టిన ఒకటి రెండు రోజులకే రంగునీళ్ళల్ల ముంచి ఆరబెట్టి ఎండల తిప్పుతరు. తల్లి ఏడి ఉండదు, సరిగ్గ నీళ్ళుండవు, టీకా అసలే ఉండదు. నీ చేతికొచ్చేసరికే అవి సగం పానంతోని ఉంటయ్.

అయినా కొన్ని బతికించుకోవచ్చు, మనకు కావాల్సింది ఏడి. పుట్టిన మొదటి వారం పిల్లకు 95 డిగ్రీల ఫారన్‌హీట్ ఏడి ఉండాలె, తర్వాత వారానికి ఐదు డిగ్రీలు తగ్గించుకుంట పోవాలె. మనం ఏం చేస్తం, అట్టపెట్టెల ఏసి మీద బుగ్గ పెడతం, కని ఇప్పుడు అందరిండ్లల్ల ఎల్‌ఈడీ బుగ్గలే, అవి ఎలుగిస్తయి గని ఏడి ఇయ్యవు. పాత తీగ బుగ్గ, 60 క్యాండిల్‌ది, అది కావాలె. థర్మామీటర్ లేకున్నా ఏం కాదు, పిల్లలనే చూడు. బుగ్గ కిందికి వచ్చి కుప్పబడితే సలి పెడ్తున్నట్టు, మూలలకు పోయి నోరు తెరుస్తే ఎక్కువైనట్టు, పెట్టె అంతట తిరుగుకుంట తింటుంటే సరిపోయినట్టు. మీ ఇంట్ల కూడ రాత్రిళ్ళే సచ్చి ఉంటయ్, పొద్దుగాల లేచి చూస్తే కుప్పల అడుగున పడి ఉంటయ్, అవునా? అది సలికే.

నేనుండేది దేవరకొండ దిక్కు పల్లెల. పుట్టింది మాత్రం టౌన్లనే, కోడి అంటే కూరల చూసుడు తప్ప ఇంకేం తెల్వదు. పెండ్లయి వచ్చినంక మా అత్తమ్మ నాకు అప్పజెప్పిన మొదటి పని పొద్దుమూకంగ కోళ్ళను లెక్కబెట్టుడు. 26 ఏండ్ల సంది లెక్కబెడుతనే ఉన్న. ఎన్ని పోగొట్టుకున్ననో ఆ లెక్క కూడ నా దగ్గర ఉంది, అందుకే ఇంత పెద్దగ రాస్తున్న.

ముందు సంతోషాలు చెప్త, ఎందుకంటే అందరు కోడి అంటే గుడ్లు, గుడ్లు అంటే పైసలు అని లెక్కలేస్తరు. నాటు పెట్ట ఒక విడతకు పది పదిహేను గుడ్లు పెట్టి పొదుగుకు కూసుంటది, ఏడాదికి మూడు నాలుగు విడతలు, అంతే. గుడ్లే కావాలంటే దుకాణంల ట్రే కొనుక్కునుడే అగ్గువ. నాకు గుడ్ల కన్న ఎక్కువ ఇష్టమైనవి వేరే ఉన్నయ్. పొద్దుగాల గూడు తలుపు తీయంగనే ఒకదాన్నొకటి నూకుకుంట బయటికొచ్చి రెక్కలు ఇట్ల బార చాపి ఆకిలంత ఉరుకుతయ్ చూడు, దాని కోసమే నేను మబ్బుల లేస్త. మధ్యాహ్నం యాప చెట్టు కింద మన్ను తవ్వుకొని గుంత చేసుకొని అందుల పక్కకు ఒరిగి పొర్లుతయ్, కండ్లు మూసుకొని. మొదటిసారి చూసినోళ్ళు కోడికి ఫిట్స్ వచ్చినయని భయపడ్తరు, నేను కూడ భయపడ్డ. అది వాటి స్నానం. మన్ను ఈకల సందులకు పోతే పేలు రాలిపోతయ్. అందుకే నేను ఆ గుంతల పొయ్యి బూడిద కలుపుత.

అన్నిటికన్న పెద్దది పొదుగు. మాకు ఒక నల్లపెట్ట ఉండె. దాన్ని పన్నెండు గుడ్ల మీద కూసోబెడితే 21 రోజులు రోజుకు ఒక్కసారే లేచేది, నాలుగు గింజలు తిని, ఇన్ని నీళ్ళు తాగి, ఉరికొచ్చి మల్ల కూసునేది. దగ్గరికి పోతే ఈకలు లేపి బుస్సుమనేది. ఇరవయ్యో నాడు గంప కాడ చెవి పెడితే గుడ్డు లోపలికెల్లి పిల్ల కీసుమని సన్నగ అరుస్తది, తల్లి గొంతుల గొంతుల్నే దానికి జవాబు చెప్తది. పెంకు పగలకముందే తల్లీ పిల్లా మాట్లాడుకుంటయ్. మీ బిడ్డకు ఒక్కసారి అది వినిపించు. మా పిల్లలు ఇద్దరు ఇప్పుడు హైదరాబాద్‌ల ఉన్నరు, పెట్ట పొదుగుకు కూసుందంటే ఫోన్ గంప కాడ పెట్టమంటరు ఇప్పటికీ.

ఇగ పోగొట్టుకునేటివి. కోళ్ళు పెంచుడు మొదలువెట్టినోళ్ళకు మొదటి ఏడాదిల ఇవన్నీ కాకున్నా ఒకటి రెండన్నా వస్తయ్.

రాత్రి. కోడికి చీకట్ల కండ్లు కనిపించయ్. పట్టుకున్నా కదలదు. మేము గూడు తలుపు కింద మూడు వేళ్ళంత సందు ఇడిసినం, కోడి పట్టదు కదా అని. ముంగిస పట్టింది. తెల్లారి చూస్తే తొమ్మిది కోళ్ళు మెడలు కొరికి పడి ఉన్నయ్, తిన్నది ఒక్కదాన్ని కూడ లేదు. ఆకలికి ఒకటి ఎత్తుకపోతే ఇంత బాధ కాకపోవు. నీకు చెప్పేదేందంటే, దుకాణంల కోళ్ళ జాలి అని ఆరు మూలల పల్చటి జాలి ఇస్తరు, అది కోళ్ళను లోపట ఉంచుతది గని కుక్కను, ముంగిసను బయట ఆపది. అర ఇంచు సందుల వెల్డ్‌మెష్ తీసుకో, జర పిరమే, కని ఒక్కసారి ఖర్చు. గూడు నేల మీద కాకుండ రెండు మూడు ఫీట్ల ఎత్తుల ఉండాలె, లోపట అడ్డం ఒక కర్ర, కోళ్ళు కర్ర మీదనే పండుకుంటయ్. రాత్రికి ఒక్కో కోడికి రెండు చదరపు ఫీట్లు చాలు, పగలు తిరిగేకాడ పది ఫీట్లన్న ఉండాలె. గొళ్ళెం తప్పక పెట్టు, ఊకె దగ్గరికేసిన తలుపును బావురుపిల్లి కాలుతోని లాగి తీస్తది. పందికొక్కులు మన్ను తవ్వుకుంట వస్తయ్ కాబట్టి అడుగుకు బండలు పరువు.

కొత్త కోడి. ఇది నా తప్పు, ఇప్పటికీ గుండెల ఉంది. ఒకసారి అంగట్ల డేగరంగు పెట్ట ఒకటి మస్తు మంచిగ కనిపించింది, తెచ్చి ఉన్నవాట్లల్ల కలిపేసిన. నాలుగో రోజు అది ముడుసుకొని కూసుంది, రెక్కలు జారేసింది, పచ్చగ పారుకుంది. దూరం నుంచి వచ్చింది కదా అలసట అనుకున్న. తర్వాత మావి మొదలైనయ్, నోరు తెరిసి ఊపిరి తీసుడు, మెడ వంకర తిరుగుడు. కొక్కెర. పుస్తకాలల్ల రాణిఖేత్ అంటరు, ఉత్తరాఖండ్‌ల ఆ పేరుతోని ఊరుంది. మందు లేదు దానికి, వచ్చినంక ఏం చేసినా ఆగదు. 23 కోళ్ళల్ల 17 పోయినయ్ వారంల. నల్లపెట్ట బతికింది గని పిల్లలు పోయినయ్, అది రెండు రోజులు గంప సుట్టే తిరిగింది.

అందుకే కొత్త కోడి ఎంత మంచిగున్నా మూడు వారాలు వేరేకాడ పెట్టాలె, వేరే గిన్నె, వేరే గంప, ముందు పాతవాటికి ఏసినంకనే దానికి ఏసి చేతులు కడుక్కోవాలె. ఇంకోటి టీకా. కొక్కెర రాకుండ ఏడో రోజు లోపు కంట్ల చుక్క, లసోటా అంటరు, మల్ల నాలుగో వారంల ఇంకోసారి, ఎనిమిదో వారం దానికే ఆర్‌టూబీ అనే సూది రెక్క కింద. మధ్యల రెండో వారం గంబోరో అనే ఇంకో రోగానికి చుక్క, ఆరో వారం మశూచి టీకా. నువ్వు మూడు నెలల పెట్టలు తెచ్చుకుంటే ఇవన్నీ అయినయా లేదా అని అడిగి తెచ్చుకో, ఆర్‌టూబీ కాలేదంటే మండలంల పశువుల దవాఖానకు పో, లేకుంటే ఊర్లల్ల పశువులను చూసే గోపాలమిత్రను అడుగు. ఒక్క సీసల వంద కోళ్ళకు మందు వస్తది, నీ నాలుగింటికి సీస ఇప్పరు, అందుకే గల్లీల కోళ్ళున్నోళ్ళందరు ఒక రోజు అనుకొని కలిసి ఏయించుకోవాలె, మేము అట్లనే చేస్తం. ఆ సీస దారిల ఏడెక్కితే అది ఉత్త నీళ్ళే, ఐసుల పెట్టుకొని తేవాలె. కొందరు తాగే నీళ్ళల్ల కలుపుతరు, అప్పుడు నల్లా నీళ్ళు వాడొద్దు, అందుల క్లోరిన్ మందును సంపుతది, బాయి నీళ్ళు మంచివి.

ఎండ. నల్గొండ జిల్లా ఎండ గురించి మిర్యాలగూడ మనిషికి నేను చెప్పాల్నా. కోడికి చెమట పట్టదు, నోరు తెరిసి రొప్పుడే దానికి తెలిసిన ఉపాయం. 2015 మే నెల వడగాలులు గుర్తుంటయి కదా, మా గూడు మీద రేకులు ఉండె, మధ్యాహ్నం పొదుగు మీద కూసున్న పెట్ట లేవనే లేదు. గుడ్లు ఇడిసిపెట్టి నీడకు పోతే బతుకు, కని పోలేదు. సాయంత్రం గంప లేపి చూస్తే గుడ్ల మీదనే మెడ వాల్చి ఉంది. నేను అంత ఏడిసింది ఇంకే కోడికి లేదు. అప్పటి సంది మే నెలల పొదుగ ఎయ్యను, ఏప్రిల్ ఆఖరు నుంచి వానలు పడేదాక బంద్. రేకుల మీద వరిగడ్డి మందంగ పరిచి పొద్దున ఒకసారి మధ్యాహ్నం ఒకసారి తడుపుత, పక్కలకు తడి గోనెపట్టలు కడ్త, నీళ్ళు మన్ను దొప్పలల్ల నీడకు పెట్టి రెండు గంటలకోసారి మారుస్త. పల్చటి సల్ల పోస్తే ఇష్టంగ తాగుతయ్. దాణా పొద్దుగాల సల్లగున్నప్పుడు, సాయంత్రం ఏస్త, మధ్యాహ్నం ఎయ్యను, అరిగేటప్పుడు ఒంట్ల ఇంకా ఏడి పుడ్తది.

గద్ద, కాకి సంగతి పిల్లలున్నప్పుడే, నువ్వు పెట్టలు తెచ్చుకుంటే ఆ భయం తక్కువ. వానకాలం రక్తం పారుకుంటే ఆలస్యం చేయకుండ దవాఖానల ఆంప్రోలియం పొడి తీసుకొని నీళ్ళల్ల కలుపు, కింద ఊక తడవకుండ చూసుకో, తడి ఊకలనే ఆ రోగం పెరుగుతది. ఒక్కసారే నాలుగైదు సచ్చినయంటే ఉత్త చేతులతోని ముట్టకు, పశువుల డాక్టర్‌కు చెప్పు. 2025 ఫిబ్రవరిల గోదావరి జిల్లాలల్ల బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు చూసినం కదా ఎంత ఆగమైందో. సచ్చినదాన్ని మోరీల, చెరువుల ఎయ్యొద్దు, మూడు ఫీట్లు తవ్వి సున్నం చల్లి పాతిపెట్టాలె.

ఏ జాతి అంటే, పొదుగు చూడాలనుకుంటే నాటు పెట్టలే. గుడ్లు ఎక్కువ కావాలంటే గ్రామప్రియ, వనరాజ ఉన్నయ్, రాజేంద్రనగర్ కోళ్ళ పరిశోధన సంస్థల తయారైనయ్, అక్కడి వెటర్నరీ యూనివర్సిటీది రాజశ్రీ కూడ ఉంది. గ్రామప్రియ నాటు కోడికి మూడింతల గుడ్లు పెడ్తది, కని ఇవి పొదుగుకు సరిగ్గ కూసోవు. నేనైతే రెండు నాటు, రెండు గ్రామప్రియ తీసుకొమ్మంట, గ్రామప్రియ గుడ్లు తిన్నా నాటు పెట్ట పొదుగు బిడ్డ చూస్తది. గుడ్ల కోసం పుంజు అక్కరలేదు, పెట్ట ఒక్కతే పెడ్తది, పిల్లలు లేవాలంటేనే పుంజు. కాలనీల ఇండ్లు దగ్గరదగ్గరుంటయ్ కాబట్టి మూడు గంటలకే కూసే పుంజుతోని పక్కింటోళ్ళతోని మాట పడకు, పొదుగ వెయ్యాలనుకున్నప్పుడు పుంజున్న ఇంట్లకెల్లి గుడ్లు తెచ్చుకో.

దాణాకు పెద్ద కష్టం లేదు, పెద్ద కోడి రోజుకు వంద గ్రాములు అటిటు తింటది. నూకలు, జొన్నలు, తౌడు, కూరగాయల తుక్కు. ఉత్త నూకలే ఏస్తే గుడ్లు తగ్గుతయ్, పురుగు పుట్ర కూడ కావాలె. మా అత్తమ్మ పగిలిన కుండల పెండ, ఎండుగడ్డి, గోనెపట్ట ముక్క ఏసి నీళ్ళు చల్లి చెదలున్నకాడ బోర్లిచ్చేది, తెల్లారి లేపితే కుండనిండ చెదలు, దులిపిందంటే కోళ్ళు ఒకదాని మీద ఒకటి పడి తినేటియి. గుడ్డు పెంకు మెత్తగుంటే సున్నం తక్కువైనట్టు, తిన్న గుడ్ల పెంకులు ఎండబెట్టి సన్నగ దంచి ఏయి. పెద్ద ముక్కలు ఎయ్యకు, గుడ్డు ఆకారం గుర్తుపట్టి తమ గుడ్లు తామే పొడుసుకునుడు మరుగుతయ్. సలికాలం పొద్దు చిన్నగైతది, ఈకలు రాలుస్తయ్, అప్పుడు గుడ్లు ఆగిపోతే రోగం అనుకొని మందులు పోయకు, ఎలుతురు పెరిగినంక అవే మొదలువెడ్తయ్.

ఇప్పుడు నువ్వు అడగనిది ఒకటి చెప్త, నా లెక్కల ఇదే అన్నిటికన్న ముఖ్యం. ఈ కోళ్ళు కోసుకునేటియా, పెంచుకునేటియా అనేది తెచ్చే ముందే మీ ఇంట్ల తేల్చుకోండ్రి, బిడ్డ ముందటనే. మన దగ్గర సుట్టం వచ్చిండంటే కోడి కొయ్యాల్సిందే, ఎల్లమ్మ పండుగకు మొక్కు ఉంటది, ఇంట్ల కోడి పెట్టుకొని అంగట్ల కొంటవా అంటరు పెద్దోళ్ళు, వాళ్ళది తప్పని నేను అనను, మేమూ తింటం. కని మా చిన్నోడు ఏడేండ్లప్పుడు ఒక పుంజును పిల్లకెల్లి పెంచిండు, లడ్డు అని పేరు పెట్టిండు, బడి నుంచి రాంగనే సంచి పారేసి దాన్నే ఎత్తుకునేటోడు, అది కూడ వాని అడుగుల సప్పుడు గుర్తుపట్టి గేటు కాడికి ఎదురువోయేది. ఒకరోజు సుట్టాలొచ్చిండ్రు, వాడు బడిల ఉన్నడు, మా మామ దాన్నే కోసిండు. వాడొచ్చి అంత వెతికి, పెంటకుప్ప మీద ఈకలు చూసిండు. ఎవ్వల్నీ ఏం అనలే, రెండు రోజులు మాట్లాడలే. మామ తర్వాత నాలుగు పుంజులు తెచ్చిచ్చినా ఒక్కదానికీ పేరు పెట్టలే వాడు. ఇప్పుడు 24 ఏండ్లు వానికి, నాటుకోడి కూర ముట్టడు.

అప్పటి సంది మా ఇంట్ల పేరు పెట్టినదాన్ని కొయ్యం, దాని కాలుకు ఎర్ర దారం కడ్తం, దారం ఉన్న కోడి ముసలిదై దానంతట అది పోవాల్సిందే. నల్లపెట్ట అట్లనే ఏడేండ్లు బతికింది, ఆఖరు రెండేండ్లు గుడ్డే పెట్టలే, అయినా ఆకిట్ల అది తిరుగుతుంటే నిండుగుండేది. మా మామ కూడ ఆ దారం కోళ్ళ జోలికి మల్ల ఎన్నడు పోలే. మీ ఇంట్ల ఏ లెక్క పెట్టుకుంటరో మీ ఇష్టం, కని బిడ్డకు తెల్వకుండ చేయకుండ్రి, పారిపోయిందని అబద్ధం చెప్పకుండ్రి. సచ్చినప్పుడు కూడ దాచిపెట్టకు. పాతిపెట్టేటప్పుడు దూరంగ నిలవెట్టి చూపియ్యి, ఏడవనియ్యి.

చేతుల సంగతి చెప్పు బిడ్డకు, కోడిని పట్టుకున్నంక, గుడ్లు తీసినంక సబ్బుతోని కడుక్కోవాలె, ముద్దు పెట్టుకోవద్దు, కోళ్ళ పెంటల కడుపు చెడగొట్టే క్రిములుంటయ్.

పెట్టలు తెచ్చుకునే రోజు చీకటి పడ్డంక తెచ్చి గూట్ల ఏయి, ఒక వారం బయటికి ఇడువకు, గూట్లనే నీళ్ళు దాణా. ఎనిమిదో రోజు సాయంత్రం పొద్దుమూకే గంట ముందు ఇడిసిపెట్టు, దూరం పోకముందే చీకటి పడ్తది, అవే గూటికొస్తయ్. ఆ తర్వాత రోజూ జర జర ముందుగాల ఇడుసుకుంట రా. రాత్రి లెక్కబెట్టే పని మీ బిడ్డకు అప్పజెప్పు.

ఇంక ఆ మిగిలిన ఒక్క పిల్ల. నువ్వు దాని గురించి ఏం రాయలే, బతికే ఉందనుకుంటున్న. నెల అవుతుందంటే రెక్కల మీద కొత్త ఈకలు వచ్చి రంగు పోతుండాలె, ఇంతదాక బతికింది అంటే గట్టిదే. ఒక్కతే ఉంటే కోడిపిల్ల బెంగతోని అరుస్తనే ఉంటది, గంపకు ఒక దిక్కు పాత ఊలు గుడ్డ ఏలాడగట్టు, దాని కిందికి దూరి పండుకుంటది. పశువుల దవాఖానల అడిగి లసోటా చుక్క ఏయించు. పెట్టలు వచ్చినంక మూడు వారాలు అటు ఇటు వేరేగ ఉంచి, తర్వాత నడుమ జాలి పెట్టి వారం చూసుకోనియ్యి, అప్పుడు కలుపు, లేకుంటే పెద్దయి పొడిసి సంపుతయ్. చానామట్టుకు పుంజే అయితది, తెల్లది. ఒక ఫోటో పెట్టు, నెత్తి మీద జుట్టు చూస్తే నెలన్నరకల్లా పెట్టనా పుంజా తెలుస్తది, చూసి చెప్త.